మేక గిట్టలు కత్తిరించడం: ఎంత కోయాలి, ఎక్కడ ఆపాలి

మేకలు పెంచేవాళ్ళు మేత గురించి అడుగుతారు, టీకాల గురించి అడుగుతారు, నట్టల మందు ఎప్పుడు పోయాలో అడుగుతారు, గిట్టల సంగతి మాత్రం మేక కుంటడం మొదలెట్టాకే గుర్తొస్తుంది. అప్పటికే గిట్ట ముందుకి సాగిపోయి, పక్క అంచులు కిందకి మడత పడిపోయి, ఆ మడతలో పేడా మట్టీ ఇరుక్కుని వాసన కొడుతుంటుంది. కాలు నొప్పి ఉన్న మేక మేతకి సరిగ్గా తిరగదు, తినదు, పాలు తగ్గిపోతాయి, పోతు అయితే వెనక కాళ్ళ మీద బరువు వెయ్యలేక మేకల జోలికే పోదు. ఇదంతా ఒక కత్తెరతో, మేకకి ఓ పావుగంట పనితో ఆగిపోయేది. పని నేర్చుకోవడం కష్టం కాదు గానీ ఎంత కోయాలి అన్న దగ్గరే అందరూ తడబడతారు, భయపడి పైపైన గీకి వదిలేస్తారు లేదా ఒకేసారి అందంగా చేసేద్దామని రక్తం వచ్చేదాకా కోసేస్తారు. నా లెక్కలో తక్కువ కోయాలి, తరచుగా కోయాలి, అంతే.

ముందు గిట్ట ఎలా ఉంటదో ఒకసారి తిప్పి చూడండి. ఒక్కో కాలికి రెండు గిట్టలు, మధ్యలో సందు. చుట్టూ గట్టిగా ఉండేది గిట్ట గోడ, ఇది మన గోరు లాంటిదే, నొప్పి తెలీదు. గోడ లోపల కింద భాగం అరికాలు, కొంచెం మెత్తగా ఉంటది. వెనక వైపు రబ్బరులా వత్తితే లోపలికి పోయేది మడమ. గోడకీ అరికాలికీ మధ్య సన్నగా ఒక తెల్ల గీత కనిపిస్తుంది. వీటన్నిటి లోపల రక్తం, నరాలు ఉన్న పచ్చి భాగం ఉంటుంది, మనం ముట్టకూడనిది అదొక్కటే. గోడ నెలకి సుమారు అర సెంటీమీటరు దాకా పెరుగుతుంది, రాళ్ళ మీద గుట్టల మీద తిరిగే మేకకి ఆ పెరిగిందంతా ఎప్పటికప్పుడు అరిగిపోద్ది. కొట్టంలోనో మంచె షెడ్డులోనో మెత్తటి నేల మీదో కట్టేసి మేపేవాటికి అరిగే దారి లేదు కాబట్టి గోడ అరికాలి కంటే కిందకి దిగి లోపలికి మడుచుకుంటుంది, కొన్నిటికి ముందుకి సాగి చెప్పు మొనలా పైకి లేస్తుంది కూడా.

ఎన్నాళ్ళకోసారి అంటే షెడ్డులో ఉండేవాటికి 6 నుంచి 8 వారాలకోసారి చెయ్యడం మంచిది, బయట గట్టి నేల మీద బాగా తిరిగేవాటికి 3, 4 నెలలు ఆగినా పర్లేదు. కానీ క్యాలెండర్ కంటే కళ్ళని నమ్ముకోండి. ఒకే షెడ్డులో ఒకే మేత తినే రెండు మేకలకి కూడా ఒకేలా పెరగవు, ఒకే మేకకి ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ తేడా ఉంటుంది. నెలకోసారి కాళ్ళెత్తి చూసే అలవాటు ఉంటే చాలు, అవసరం ఉన్నదానికి చేస్తారు, లేనిది వదిలేస్తారు.

టైమ్ విషయంలో ఒక మాట. ఎండాకాలంలో గిట్ట చెక్కలా బిగుసుకుపోద్ది, కత్తెర దిగదు, చెయ్యి నొప్పి పుట్టి విసుగొచ్చేస్తుంది, ఆ విసుగులోనే తప్పు కోతలు పడతాయి. వాన పడిన మర్నాడు, లేదా పొద్దున్నే మంచు తడి గడ్డి మీద తిరిగొచ్చాక అయితే మెత్తగా ఉంటుంది. అలాంటి వీలు లేకపోతే గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో పది పదిహేను నిమిషాలు నిలబెట్టండి, లేదా తడి గోనె గుడ్డ కాళ్ళకి చుట్టి ఉంచండి. చల్లటి పూట చెయ్యండి, పెనుగులాటలో మేక త్వరగా వేడెక్కి రొప్పుద్ది. పాలిచ్చే మేక అయితే పాలు పిండేశాకే మొదలెట్టాలి, గిట్ట నుంచి రాలే చెత్త పాల గిన్నెలో పడే గొడవ ఉండదు. చూడి మేకకి మధ్య నెలల్లో నిలబెట్టి నెమ్మదిగా చెయ్యొచ్చు, ఈనడానికి నెల ముందు నుంచి మాత్రం తప్పనిసరి అయితే తప్ప కదపొద్దు, ఎప్పుడైనా సరే చూడిదాన్ని వెల్లకిలా పడుకోబెట్టడం అస్సలు వద్దు. ఈనే టైమ్ దగ్గర పడకముందే ఒక రౌండ్ చేసేసుకుంటే ఆ చివరి నెలలో అవసరమే రాదు.

సామాన్ల కోసం పెద్ద హంగామా ఏం అక్కర్లేదు. గిట్టల కత్తెర దొరికితే అది బెస్ట్, సన్నటి పొడుగు మొన ఉంటుంది కాబట్టి మడత కిందకి దూరుతుంది. దొరక్కపోతే చెట్ల కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర పదునుగా ఉన్నది సరిపోతుంది. అరికాలు చెక్కడానికి వంపు మొన ఉన్న చిన్న చాకు, చివర్లో నున్నగా చెయ్యడానికి ఆకురాయి, మట్టి తియ్యడానికి గట్టి బ్రష్షు, మందపాటి గ్లవ్స్, ఒక బకెట్లో డెటాల్ లాంటి క్రిమిసంహారకం నీళ్ళు, అయోడిన్ సీసా, రక్తం ఆపడానికి పటిక పొడి గానీ కార్న్ ఫ్లోర్ గానీ. పదును లేని కత్తెర ప్రమాదం. గిట్టని కొయ్యకుండా నలిపి చీలుస్తుంది, మనం ఎక్కువ బలం పెడతాం, ఒక్కసారిగా జారి పచ్చిలోకో మన వేళ్ళలోకో దిగుతుంది.

పట్టుకోవడం సగం పని. మెడ పలుపుని గోడకో గుంజకో పొట్టిగా కట్టి, మేక ఒక పక్క గోడకి ఆనేలా నిలబెట్టండి, రెండో పక్క మీరు మోకాలితో ఆపుకోవచ్చు. ముందర ఇష్టమైన ఆకో గుప్పెడు దాణానో పెడితే చాలా మటుకు దాని ధ్యాస అటే ఉంటుంది. పాలు పిండే స్టాండు ఉంటే ఇంకా హాయి, మన నడుం వంగక్కర్లేదు. ముందు కాలికి మీరు మేక తోక వైపు తిరిగి నిలబడి కాలిని మోకాలి దగ్గర వెనక్కి మడిచి గిట్ట అడుగు పైకొచ్చేలా పట్టుకోవాలి. వెనక కాలిని వెనక్కే లాగి ఎత్తాలి, పక్కకి తియ్యకూడదు, తుంటి కీలు అటు తిరగదు, నొప్పి పుట్టి తంతుంది, ఎక్కువ ఎత్తుకి లేపినా అంతే. తన్నినప్పుడు వదిలెయ్యకండి, గట్టిగా బిగించకండి కూడా, కాలితో పాటే మీ చెయ్యి కదలనిచ్చి అది ఆగాక అప్పుడు కింద పెట్టండి. తన్నగానే వదిలేస్తే ప్రతిసారీ తన్నడమే నేర్చుకుంటుంది, మేకకి ఆ మాత్రం తెలివి బాగానే ఉంది. కొన్ని మొండివి కాలెత్తగానే కింద కూలబడిపోతాయి, పడుకోనివ్వండి, పడుకున్నదానికి చెయ్యడమే సులువు. కత్తెర మొన ఎప్పుడూ మీ తొడ వైపు ఉండకుండా చూస్కోండి.

ఇంక కోత. ముందు బ్రష్షుతో, చాకు మొనతో ఇరుక్కున్న మట్టి, పేడ, చిన్న రాళ్ళు మొత్తం తీసెయ్యాలి, రెండు గిట్టల మధ్య సందు కూడా. మురికి ఉండగా కోస్తే ఏది గోడో ఏది అరికాలో తెలీదు, కత్తెర పదునూ పోద్ది. శుభ్రం చేశాక వెంట్రుకలు ఆగిపోయి గిట్ట మొదలయ్యే గీత ఉంటుంది చూశారా, దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి, మీ కొలబద్ద అదే. పని అయ్యాక గిట్ట అడుగు ఆ గీతకి సమాంతరంగా ఉండాలి. అర్థం కాకపోతే మందలో నెల రెండు నెలల పిల్ల గిట్ట చూడండి, చిన్న పెట్టెలా నలుచదరంగా ఉంటుంది, పెద్దదానికి మనం తేవాల్సిన షేపు అదే.

మొదట మడత పడ్డ గోడ అంచు. మడత కిందకి కత్తెర మొన పోనిచ్చి మడమ దగ్గర నుంచి ముందు మొన దాకా సన్నగా, అరికాలికి లెవెల్ అయ్యేదాకా కత్తిరించాలి. మడత విప్పగానే లోపల నల్లగా ముద్దలా మురికి కనిపిస్తుంది, గీకి పారెయ్యండి, చాలా మేకలు కుంటడానికి మూలం అక్కడే ఉంటుంది. బయట గోడ అయ్యాక లోపల వైపు, అంటే రెండో గిట్టని ఆనుకుని ఉండే గోడ, అది కూడా మర్చిపోకండి, అక్కడ కనపడదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. తర్వాత ముందుకి సాగిన మొనని కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక్క దెబ్బకి తెగ్గొట్టకూడదు ఎందుకంటే పచ్చి భాగం మొన వైపే దగ్గరగా వస్తుంది. మడమ మరీ పొంగి ఉంటే పైన పొర ఒక్కటి చాకుతో పల్చగా తియ్యండి, మామూలుగా ఉంటే దాని జోలికి పోవద్దు.

అరికాలు దగ్గర చెయ్యి నెమ్మదించాలి. కాగితం మందం పొరలుగా చెక్కుతూ పొండి. పైన పొర బూడిద రంగులో పిండి పిండిగా రాలుతుంది, దాని కింద తెల్లగా నున్నగా వస్తుంది, ఇంకో పొర తీస్తే కొంచెం తడి తడిగా మెరుస్తుంది, ఆ తర్వాత లోపల్నించి లేత గులాబీ నీడ కనపడుతుంది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకొక్క పొర అని చెయ్యి ఊరుకోదు గానీ ఆపెయ్యాల్సిందే. నల్ల గిట్టల మేకలకి ఈ రంగు సరిగ్గా తెలీదు, వాటికి బొటనవేలితో వత్తి చూడండి, గట్టిగా ఉన్న అరికాలు కొంచెం మెత్తగా వేలికి లొంగుతోంది అంటే పచ్చి దగ్గర్లోనే ఉన్నట్టు. రెండు గిట్టలూ ఒకే ఎత్తు, ఒకే పొడుగు ఉండాలి, ఒకటి ఎక్కువైతే బరువంతా దాని మీద పడి కాలు వంకరగా పడుతుంది. చివర్లో ఆకురాయితో రెండు మూడు సార్లు రాసి అంచులు సమం చేసి, కాలు కింద పెట్టి, మేక దాని మీద బరువు వేసినప్పుడు పక్క నుంచీ ముందు నుంచీ చూడండి. చేతిలో ఉన్నప్పుడు బాగున్నట్టు కనపడింది నేల మీద పెడితే వంకర తెలుస్తుంది. వెనకాల కొంచెం పైన ఉండే రెండు చిన్న గోళ్ళు కూడా ముసలి మేకల్లో పెరిగి వంకర తిరుగుతాయి, వాటి కొస మాత్రం కత్తిరించండి చాలు.

రక్తం వస్తే కంగారు పడొద్దు. సన్నగా చెమర్చినట్టు వస్తే పటిక పొడి అద్ది కొన్ని నిమిషాలు వేలితో అదిమి పట్టుకుంటే ఆగిపోద్ది. ఎక్కువ కారితే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి, కట్టు కట్టి, ఆగాక కట్టు తీసి అయోడిన్ రాసి, ఒకట్రెండు రోజులు పొడి నేల మీద ఉంచండి. అదే రోజు బురదలోకి పంపితే పుండు పడుతుంది, ఈగలు వాలితే పురుగులు పడతాయి. ధనుర్వాతం టీకా వేయించారో లేదో కూడా చూస్కోండి, మేకలకి అది తేలిగ్గా వస్తుంది, కాలి గాయం దానికి దారి.

ఏడాదిగా ఎవరూ ముట్టుకోని గిట్టలతో మేక వచ్చిందనుకోండి, బాగా సాగి, కొన్నిసార్లు మెలి తిరిగి. అలాంటిదాన్ని ఒక్క రోజులో పిల్ల గిట్టలా చెయ్యాలని చూడకండి. గిట్ట సాగినప్పుడు లోపల పచ్చి భాగం కూడా దాంతో పాటు ముందుకి వచ్చేసి ఉంటుంది. మొదటి రోజు ఎండిపోయిన మొన, మడతలు తీసి ఆపండి, వారం పది రోజులకి ఇంకొంచెం, మళ్ళీ వారానికి ఇంకొంచెం, అలా తీస్తూ పోతే పచ్చి వెనక్కి తగ్గుతుంది. పైన కీళ్ళు, కండరాలు కూడా వంకర నడకకి అలవాటు పడి ఉంటాయి, వాటికీ సర్దుకోడానికి టైమ్ కావాలి. కొన్ని పూర్తిగా మామూలు షేపుకి రావు, నొప్పి లేకుండా నడిస్తే అదే చాలనుకోవాలి.

ఇప్పుడు అసలు గొడవ, కుళ్ళు. కాలెత్తగానే ముక్కు మూసుకునే వాసన వస్తోంది, మడమ దగ్గర నుంచి గిట్ట అరికాలు పొర విడిపోయి లోపల తెల్లగా జిగురుగా ఉంది అంటే అది ఫుట్ రాట్, గిట్టల కుళ్ళు. దీన్ని చేసేది డైకెలోబాక్టర్ నోడోసస్ అనే బ్యాక్టీరియా, దానికి తోడు ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరం అని పేడలో మట్టిలో మామూలుగా ఉండే ఇంకోటి. రెండు గిట్టల మధ్య చర్మం మాత్రం ఎర్రగా, తెల్లగా నానినట్టు ఉండి గిట్ట విడిపోకపోతే అది తేలికది, పొడి నేల మీదకి మార్చి జింక్ సల్ఫేట్ నీళ్ళలో నిలబెడితే చాలా మటుకు తగ్గిపోద్ది. అసలు కుళ్ళుకి మాత్రం పాత పద్ధతి ఒకటుంది, కుళ్ళిన గిట్టంతా పచ్చి కనపడేదాకా చెక్కి గాలి తగలనివ్వడం, అది ఇప్పుడు వద్దంటున్నారు. గొర్రెల మీద చేసిన పరిశోధనల్లో అలా లోతుగా చెక్కినవాటికి మానడం ఆలస్యమైందని, డాక్టర్ ఇచ్చే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ వేసి గిట్ట ముట్టకుండా ఉంచినవే త్వరగా కోలుకున్నాయని తేలింది. కాబట్టి ఊడిపోయి వేలాడేది తప్ప ఇంకేం కొయ్యొద్దు, మానాక షేప్ చేసుకోవచ్చు. మందు డోసు డాక్టర్ని అడగండి, ఎన్ని రోజులు పాలు వాడకూడదో కూడా అప్పుడే అడిగెయ్యండి.

కాళ్ళ స్నానానికి జింక్ సల్ఫేట్ 10 శాతం, అంటే 10 లీటర్ల నీళ్ళకి కిలో పొడి, దాంట్లో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే గిట్ట సందుల్లోకి బాగా దిగుతుంది. గిట్ట మొత్తం మునిగేంత లోతు పోసి, జబ్బు ఉన్నవాటిని ఓ 15 నిమిషాలు నిలబెట్టి, తర్వాత గంటసేపు పొడి నేల మీద ఆరనివ్వండి, బయటికి తీసిన వెంటనే తడి గడ్డిలోకి తోలితే మందంతా కడుక్కుపోద్ది. ముందు నీళ్ళు తాగించి అప్పుడు టబ్బులోకి దించాలి, దాహంతో ఉన్నది అవే తాగేస్తుంది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 5 శాతం కూడా పనిచేస్తుంది గానీ రాగి లోపలికి పోతే విషం, పక్కన గొర్రెలుంటే వాటికి ఇంకా ప్రమాదం, ఇనప తొట్టిని తినేస్తుంది, పారబోసిన చోట నేల పాడవుద్ది, అందుకని నా ఓటు జింక్‌కే. ఫార్మలిన్ ఘాటు మనకీ మంచిది కాదు మేకకీ మంచిది కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కుళ్ళు చేసే నోడోసస్ బయట నేల మీద మామూలుగా రెండు వారాలకి మించి బతకదు, కానీ గిట్ట పగుళ్ళలో దాక్కుని నెలల తరబడి ఉంటుంది. అంటే అది మీ మందలోకి ఎక్కువగా వచ్చేది కొత్తగా కొన్న మేక కాలితోనే. కొత్తదాన్ని తెచ్చిన రోజే నాలుగు కాళ్ళూ ఎత్తి చూసి, కత్తిరించి, నెల రోజులు విడిగా ఉంచి, ఇంకోసారి చూశాకే మందలో కలపండి. కత్తెరని ఒక్కో మేకకీ మధ్య క్రిమిసంహారకంలో ముంచాలి, కుంటేదాన్ని ఎప్పుడూ ఆఖర్న చెయ్యాలి, దాని ముక్కలు ఏరి కాల్చెయ్యాలి, షెడ్డులో రాలనిస్తే మనమే చల్లినట్టు. ఏళ్ళ తరబడి కుళ్ళు తిరగబెట్టే మేకని ఎంత మంచి పాల మేకైనా మందలో ఉంచుకోవడం నాకైతే దండగ అనిపిస్తుంది.

కుంటే ప్రతి మేకకీ కుళ్ళు కాదు. తెల్ల గీత దగ్గర గోడ విడిపోయి సందులో మట్టి పోతే, ఆ విడిపోయిన గోడని కత్తిరించి సందు తెరిచి శుభ్రం చేస్తే చాలు. గిట్ట ముట్టుకుంటే వేడిగా ఉండి, ఒక చోట నొక్కితే కాలు లాక్కుంటే లోపల చీము పట్టి ఉండొచ్చు. నాలుగు కాళ్ళూ, ముఖ్యంగా ముందువి, వేడిగా ఉండి మోకాళ్ళ మీద నడుస్తుంటే ఏం దాణా తిందో గుర్తు తెచ్చుకోండి, గింజల బస్తా మూతి ఊడదీసి కడుపునిండా మేసిన మేకకి కడుపు పులిసి ఆ దెబ్బ గిట్టల లోపలికి దిగుతుంది, ఇది వెంటనే డాక్టర్ చూడాల్సిన కేసు. నోట్లో పుండ్లు, చొంగ, జ్వరం, గిట్టల మధ్య బొబ్బలు కలిసి కనిపిస్తే గాలికుంటు అనుకోవాలి, కత్తెర పక్కన పడేసి మందని ఎక్కడివి అక్కడ ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

నేల పొడిగా లేకపోతే ఇవేవీ నిలబడవు. నీళ్ళ తొట్టి చుట్టూ, గేటు దగ్గర, మేత వేసే చోట బురద ఉంటది కదా, ముందు అక్కడ కంకరో రాళ్ళో పరవండి. షెడ్డు ముందు గరుకు సిమెంటు పలకలు, ఎక్కి ఆడుకోడానికి రెండు మూడు పెద్ద బండరాళ్ళు వేస్తే మేకలు ఎలాగూ ఎక్కుతాయి, గిట్ట దానంతటదే కొంత అరుగుద్ది, మీ పని తగ్గుద్ది. మేతలో ఖనిజ లవణ మిశ్రమం ఉండాలి, జింక్ తక్కువైతే గిట్ట పొడిబారి పెళుసుగా పొరలు లేస్తుంది, కాకపోతే మేకలది మేకలకే వెయ్యండి, అందులో రాగి ఎక్కువ కాబట్టి గొర్రెలకి పెట్టొద్దు.

పిల్లలకి నెల వయసు నుంచే రోజూ కాలు పట్టుకుని వేళ్ళతో సందు తడిమి వదలడం అలవాటు చెయ్యండి. కొయ్యాల్సింది ఏమీ ఉండదు, మొన కొంచెం ఆకురాయితో రాస్తే చాలు, కానీ పెద్దయ్యాక కాలు ఇచ్చి నిలబడుతుంది.

కత్తిరించిన రోజూ మర్నాడూ మేక కొంచెం చూసుకుని అడుగేస్తుంది, అది మామూలే, గిట్ట ఎత్తు మారింది కదా. 2, 3 రోజులు దాటినా కుంటుతుంటే మళ్ళీ ఎత్తి చూడండి, ఎక్కడన్నా ఎక్కువ కోశామా, సందులో ముల్లుందా అని. గిట్ట శుభ్రంగా ఉండి పైన మోకాలు వాచి ఉంటే అది కీళ్ళ జబ్బు కావచ్చు, మేకల్లో సి.ఏ.ఇ. అనే వైరస్ వల్ల పెద్దవాటికి మోకాళ్ళు అలాగే వాస్తాయి, దానికి రక్త పరీక్ష ఉంది, అది చేయించుకోవాలి గానీ గిట్ట ఇంకా కోసి లాభం లేదు.